బలరాం సారు నోటుబుక్కు

అబద్ధమాడని మొగుడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి కోడికూర వండిపెట్టి, ఎట్లుందని ఆశగా అడిగితే, మా ఆయన రెండు ముద్దలు తిని, కాసేపు ఆలోచించి, "ఉప్పు సరిపోయింది. అడుగంటింది" అన్నాడు. రెండూ నిజమే. అయినా నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో కూడా ఆయనకు అర్థం కాలేదు.

ఆయన పేరు బలరాం. అప్పట్లో చర్లలో డ్రిల్లు మాస్టరు. నేను సరళను. బస్సులు ఆగే చోట ఎస్టీడీ బూతు, అందులోనే ఒక జిరాక్సు మిషను పెట్టుకుని నడిపేదాన్ని. మా తమ్ముడు సంతోష్ మా దగ్గరే ఉండేవాడు. పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇంటరు తప్పాడు. చదువు ఎక్కలేదు గానీ ఫుట్‌బాల్ మాత్రం నెత్తికెక్కింది. ఎక్కించింది వాళ్ళ బావే. మా వైపంతా వాలీబాల్ రాజ్యం; పోలీసు క్యాంపు వాళ్ళు పోటీలు పెట్టినా అదే, పండక్కి ఆడినా అదే. బలరాం ఒక్కడే, హాస్టల్లో చదివేటప్పుడు ఒక కేరళ ఫాదర్ దగ్గర నేర్చుకున్న కాలి ఆటను అడవి ఊళ్ళకు మోసుకెళ్ళి, వెదురు బొంగులతో గోలుపోస్టులు పాతించి, పదేళ్ళపాటు ఆడించాడు.

రెండువేల ఆరు ఎండాకాలం. ఉగాది వెళ్ళిన వారానికి ఖమ్మం నుంచి జస్టిన్ సార్ మా బూతుకు ఫోను చేశాడు. ఆయన కుర్రాళ్ళ జట్టుకు కోచ్. ఆ ఏడు పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకు నాలుగు జట్లతో ఒక లీగు మొదలుపెడుతున్నారు. మే నెలాఖరు ఆదివారం నలుగురు కోచ్‌లూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, వంతులవారీగా ఒక్కొక్కడినీ ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్టు అంటారట. ఎంపికైతే హాస్టలు, మూడు పూటల తిండి, కాలేజీలో సీటు. వంతుల్లో జస్టిన్ సార్‌ది అన్నిటికన్నా చివరిది. పేరున్న పిల్లలందరినీ ముందువాళ్ళు ఎగరేసుకుపోతారు. పేరు లేని మంచివాడు ఎక్కడున్నాడో తెలిస్తేనే ఆయనకు జట్టు.

"లిస్టులు చూస్తే భయమైతంది బలరాం" అన్నాడు. మా ఆయన స్పీకరు నొక్కాడు గనుక నాకూ వినపడుతోంది. "మండలానికి ముప్పై మంది. కాయితం మీద ముప్పై మందీ పులులే, గ్రౌండ్‌ల దింపితే పిల్లులు. ఒకని లిస్టు నిండా ఆయన అక్క కొడుకులే. కాకి పిల్ల కాకికి ముద్దు గాని, నేనేం చేసుకోవాలె? నాకు నిజం కావాలె. నువ్వు రాసి పంపు, నేను కండ్లు మూసుకొని తీసుకుంట."

ఆ మాటతో మా ఆయనకు పట్టపగ్గాల్లేవు. ఇన్నాళ్ళకు ఆయన నిజాలకు ఒక గిరాకీ దొరికింది.

రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి నా కొట్లోంచే తీసుకెళ్ళాడు. బడికి సెలవులిచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే సైకిలేసుకుని అడవి దారి పట్టేవాడు. రోడ్డు ఆగిపోయిన చోట సైకిలు ఎవరింట్లోనో పెట్టి, అక్కణ్ణించి నడక. ఒక్క మ్యాచ్ చూసి రాసేవాడు కాదు. ఆకలిగా ఉన్నప్పుడు ఎట్లా ఆడతాడు, ఓడిపోతుంటే ఎట్లా ఆడతాడు, అన్నీ కావాలి. వయసు సర్టిఫికెట్లు నమ్మేవాడు కాదు. మా వైపు పిల్లలందరూ బడి పంతులు రాసిన జూన్ ఒకటినే పుట్టి ఉంటారు. అందుకని తల్లుల్ని అడిగేవాడు: ఎనభై ఆరు వరదలో పెద్ద గోదారి వచ్చినప్పుడు వీడు చంకలో ఉన్నాడా, కడుపులో ఉన్నాడా, అసలు లేడా? లేడంటేనే పుస్తకంలో పేరు.

ఇక ఊపిరి. తొంభై నిమిషాలు పరిగెత్తగల ఊపిరి ఎవరికుందో తేల్చాలంటే ట్రాకు కావాలి, స్టాపువాచీ కావాలి. మా దగ్గర రెండూ లేవు. ఉన్నది అడవి. అడవిలో పిల్లలు ఊరి నుంచి ఊరికి కాలిబాటన ఉరుకుతారు. ఏ దారిన ఎంతసేపట్లో వెళ్తారో వాళ్ళ వెంట తనూ ఉరికి, చేతి గడియారం చూసి రాసుకున్నాడు. అది తెలివైన పద్ధతని ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

నా ఆరాటం వేరే. వారం రోజులు ఓపిక పట్టి ఒక సాయంత్రం అడిగేశాను.

"మా తమ్ముని ముచ్చట రాసినవా?"

"రాసిన" అన్నాడు, సైకిలు గొలుసుకు నూనె వేస్తూ.

ఏం రాశావని అడగలేదు. ఎందుకు అడుగుతాను? మా సంతోష్ కాలు పెడితే బంతి చెప్పినట్టు వినేది. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. చిన్నప్పుడు వాడికి దమ్ము, అదే ఉబ్బసం, ఉండేది. చలికాలం రాత్రుళ్ళు మా అమ్మ వీపు నిమురుతూ కూర్చునేది. పెద్దయ్యాక తగ్గిపోయిందని మేమే అనుకుని, మేమే నమ్మి, ఆ సంగతి బయట ఎవరికీ చెప్పకుండా దాచాం. వెంటనే పినపాక పక్క మా తండాకు ఫోను కొట్టి అమ్మకు చెప్పాను, బావ తమ్ముడి పేరు రాశాడని. సైదమ్మ కొడుకు ఖమ్మంలో ఆడబోతున్నాడని మర్నాటికి తండా అంతా తెలిసిపోయింది. సంతోష్ గోడ మీద బొగ్గుతో రోజులు గీసుకోవడం మొదలుపెట్టాడు.

డ్రాఫ్టు ఇంకా పది రోజులుందనగా, బలరాం పొద్దున్నే కొట్టుకొచ్చి నోటుబుక్కు కౌంటరు మీద పెట్టాడు.

"దీన్ని ఒక కాపీ తీసి ఉంచు. క్యాంపు ఎస్సై అడిగిండు. పిల్లల్ని ఖమ్మం తోలుకపోనీకి బండి ఇస్తడట. ఎవరెవరు, ఏ ఊరు, తెలుసుకోవాలంట."

"మంచిదేనాయె" అన్నాను.

"ఇప్పలగుంపుల ఇయ్యాల ఆట ఉన్నది. జోగయ్యను ఇంకోపాలి చూసొస్త. పొద్దుగూకే వరకు వస్త."

ఆయన వెళ్ళాక మిషను వేడెక్కేదాకా ఊరికే పేజీలు తిప్పాను. ఎడమ పేజీలో పిల్లవాడి ఆట. కుడి పేజీలో దారి. ఇప్పలగుంపు నుంచి గద్దగుట్ట మలుపు, ముసలివాగు దాటి, ఊట దగ్గర నీళ్ళు తాగి, పాత పశువుల దొడ్డి వరకు, జోగయ్య ముప్పై ఎనిమిది నిమిషాలు, గంగయ్య యాభై రెండు. ఇంకో పేజీ. ఇంకో దారి. ఎక్కడ వాగు లోతు తక్కువ, ఎక్కడ చెట్ల నీడ తెగకుండా ఉంటుంది, ఎక్కడ ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి. పక్కన బాణం గుర్తులతో బొమ్మలు. ఇరవై పైచిలుకు ఊళ్ళ కుర్రాళ్ళ పేర్లు, వాళ్ళు తిరిగే బాటలు, నిమిషాలతో సహా, ముత్యాల్లాంటి అక్షరాల్లో.

 అప్పటికి రెండేళ్ళుగా చర్లలో పోలీసు క్యాంపు, అన్నలతో తిరిగే కుర్రాళ్ళ పేర్ల కోసం వెతుకుతోంది. అడవిలో అన్నలు, పేర్లు చెప్పేవాళ్ళెవరా అని వెతుకుతున్నారు. మా వెర్రిబాగుల మొగుడు ఊపిరి కొలవబోయి అడవినంతా కొలిచి, తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు.

పుస్తకం మూసేసరికి గుమ్మంలో కానిస్టేబుల్.

"బలరాం సారు పుస్తకం కాపీ అయిందా అక్కా? ఎస్సై సారు తెమ్మన్నడు."

"కరెంటు లేదు తమ్మీ" అన్నాను.

అతను నా నెత్తి మీద ఫ్యాను వైపు చూడలేదు. చూసి ఉంటే తిరుగుతూ కనిపించేది. "సాయంత్రం వస్త మరి" అని వెళ్ళిపోయాడు. కానీ ఎదురుగా బస్సు కోసం కూర్చున్నవాళ్ళు పదిమంది ఉన్నారు. కానిస్టేబుల్ బలరాం సారు పుస్తకం అడగడం పది జతల చెవులు విన్నాయి.

నోటుబుక్కును మిషను కింద కాగితాల ట్రేలో దాచి, షట్టరు దించేశాను. పొద్దుగూకింది. బలరాం రాలేదు. సంతోష్ సైకిలేసుకుని రోడ్డు ఆగిపోయే చోటుదాకా వెళ్ళొచ్చాడు. బావ సైకిలు అక్కడే ఉంది, బావ లేడు. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

తెల్లారి కొట్టు తెరవగానే ఆదెమ్మ వచ్చింది. ఇప్పలగుంపు మనిషి, జోగయ్య తల్లి. సంతకు చింతపండు తెచ్చినప్పుడల్లా మా కొట్లో మంచినీళ్ళు తాగిపోయేది. ఆరోజు నీళ్ళు కూడా అడగలేదు.

"సారు మా కాడ ఉన్నడు" అంది మెల్లగా. "మంచిగనే ఉన్నడు. పుస్తకం తెమ్మన్నరు. నువ్వే తేవాలెనంట. ఠాణా దిక్కు పోకు బిడ్డా. పోతే నేను జేసేదేం ఉండది."

"ఆయన్ని ఏం జేస్తరు?"

ఆదెమ్మ కొంగు నడుముకు బిగించి, పద అన్నట్టు గుమ్మం వైపు తిరిగింది. నాకు తెలియనిదేం కాదు. ముందటి చలికాలం, పక్క మండలంలో ఒక రేషను డీలరును ఇట్లాగే పుస్తకం తెమ్మన్నారు. అతను తిరిగి రాలేదు.

నేను ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. సంతోష్ ఒప్పుకోలేదు. "బావ పుస్తకంల అబద్ధం ఉండదు అక్కా. చూస్తే వాళ్ళకే సమజైతది. నేను జెప్త" అన్నాడు. వాడి ధైర్యమంతా ఆ పుస్తకమే. అందులో తన పేరుంది మరి.

తునికాకు కోతల కాలం. ఇప్పలగుంపు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరి బయట ఆకు కల్లంలో కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఆట ఆడే పిల్లలు, అందరూ. ఆకుల పందిరి కింద బలరాం నేల మీద కూర్చున్నాడు. కాళ్ళకు బూట్లు లేవు. పెదవులు పగిలాయి. నన్ను చూసి లేవబోయి, ఎవరో ఏదో అంటే మళ్ళీ కూర్చున్నాడు. ఆయన ఎదురుగా భుజానికి సంచి వేసుకున్న మనిషి ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, కళ్ళద్దాలు, బడిపంతులు లాంటి మెత్తటి గొంతు. కల్లం అవతల చెట్ల కింద ఇంకొందరు నిలబడ్డారు. వాళ్ళ వైపు నేను చూడలేదు.

పుస్తకం చాపాను. అతను తీసుకోలేదు.

"నువ్వే చదువమ్మా. అందరు వినాలె. వీళ్ళ పిల్లల ముచ్చటే గదా." తర్వాత జోగయ్యను పిలిచి నా పక్కన నిలబెట్టాడు. "నువ్వు చదువుకున్నోనివి. ఆమె ఏమన్న ఇడిసిపెడితే జెప్పు."

 ఆదెమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మొదటి పేజీ తీశాను.

"కుంజా రాములు. ఎడమ కాలు బంగారం. కుడి కాలు నిలబడటానికి మాత్రమే."

ఎక్కడో ఒక కిసుక్కు వినబడింది. రాములు తల వంచుకున్నాడు.

"సోడి గంగయ్య. బంతిని తలతో కొట్టమంటే కళ్ళు మూసుకుంటాడు. ఓడిపోతే ఏడుస్తాడు. ఏడ్చాక ఇంకా బాగా ఆడతాడు."

ఈసారి ఆడవాళ్ళు బాహాటంగా నవ్వారు. గంగయ్య నాయనమ్మ, "అవ్, నిజమే, చిన్నప్పటి సంది గంతే" అంది. నేను చదువుతూ పోయాను. ఒకడు చాటుగా చుట్ట తాగుతాడని రాసి ఉంటే వాళ్ళ నాన్న అక్కడికక్కడే చేయెత్తాడు. ఇంకొకడు తోటివాడికి బంతి ఇవ్వడు, అన్నం కూడా ఇవ్వడేమో కనుక్కోవాలి అని ఉంది. కల్లం కల్లమంతా గొల్లుమంది. జోగయ్య పేజీ వచ్చింది: "తొంభై నిమిషాలు ఉరికాక కూడా మాట్లాడగలడు. మాట్లాడకుండా ఉండలేడు. వెనక్కి చూడకుండానే తోటివాడు ఎక్కడున్నాడో వీడికి తెలుసు. అందరికన్నా ముందు వీణ్ణి తీసుకోవాలి." ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంచి మనిషి నవ్వలేదు.

"ఎడమ పేజీలు విన్నం. కుడి పేజీలు చదువు."

నవ్వులు ఆగిపోయాయి. చదివాను. గద్దగుట్ట మలుపు. ముసలివాగు. ఊట. నిమిషాలు. ఒక్కో దారి పేరు వినబడుతుంటే ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగు దారులు చదివేసరికి నాకు నా గొంతే పరాయిగా వినబడింది.

"ఇవి ఊపిరి లెక్కకు రాసుకున్నడు" అన్నాను. "ఎంతసేపు ఉరుకుతరో చూసిండు. ఆయనకు గింత తెలివి ఉంటే గిట్ల రాయకనేపోవు."

"క్యాంపోళ్ళకు ఎందుకు కాపీ తీస్తున్నవ్?"

"తియ్యలే. కరెంటు లేదని చెప్పిన."

"నిన్న చర్లల పొద్దంత కరెంటు ఉన్నది."

"ఉన్నది" అన్నాను. "అందుకనే అబద్ధం చెప్పిన అంటున్న."

అతను అద్దాల మీంచి నన్ను చూశాడు. "నీ అబద్ధం సరే. ఆయన నిజం సంగతి ఏంది? ఆట పేరు జెప్పి దారులు రాసుకపోయేటోళ్ళను మస్తుగ చూసినం. పిల్లల మీద నాలుగు నవ్వులాట ముచ్చట్లు రాసుడు పెద్ద పని కాదు." చెట్ల వైపు తల తిప్పబోయాడు.

"ఇంకొక పేజీ ఉన్నది" అన్నాడు జోగయ్య.

నిజమే. అట్టకు అంటుకుని చివరి పేజీ ఒకటి మిగిలింది. దాన్ని విడదీస్తుంటే, అప్పటిదాకా పెదవి కదపని బలరాం ఒక్కసారిగా మోకాళ్ళ మీద లేచాడు.

"గది చదువకు సరళా."

 సంచి మనిషి మళ్ళీ ఇటు తిరిగాడు. "ఎందుకు చదువొద్దు?"

"గది ఇంటి ముచ్చట. దానితోని ఎవ్వరికి పనిలేదు."

"చదువమ్మా" అన్నాడతను. మెత్తటి గొంతు అట్లాగే ఉంది, కానీ చెట్ల కింద ఉన్నవాళ్ళు రెండడుగులు ముందుకొచ్చారు.

నేను పేజీ చూశాను. పైన పేరు చూశాను. సంతోష్ నా ఎడమ పక్కనే నిలబడి ఉన్నాడు, మెడ సాచి, కళ్ళు మెరుస్తూ. వాడికీ పేరు కనబడింది. "చదువు అక్కా" అన్నాడు. ఆ పేజీ మా ప్రాణాలు కాపాడుతుందని వాడి నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. అదే బాధ.

"సంతోష్. నా బావమరిది" అని చదివాను. "వయసు పద్దెనిమిది. ఈ పుస్తకంలో ఉన్న అందరికన్నా బంతి మీద ప్రేమ వీడికే ఎక్కువ. కాలు మంచిది."

అక్కడ ఆగాను. జోగయ్య పుస్తకంలోకి చూస్తున్నాడు. విడిచిపెట్టే వీల్లేదు.

"ఊపిరి లేదు. పదిహేను నిమిషాల తర్వాత నడుస్తాడు. చిన్నప్పటి దమ్ము పోలేదు. ఇంట్లోవాళ్ళు దాచారు, నాకు తెలుసు. తొంభై నిమిషాల ఆట ఆడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. లిస్టులో పెట్టను. వాడికి చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. సరళకు కూడా."

 నేను తల ఎత్తలేదు. నా పక్కన సంతోష్ ఊపిరి వినబడుతోంది, కొంచెం పిల్లికూతతో, ఎప్పటిలాగే. ఇన్నేళ్ళూ విని కూడా విననట్టు ఉన్నాను.

ఆదెమ్మే ముందుగా నోరు విప్పింది. "సొంత బామ్మర్దిని గిట్ల రాసుకున్నోడు" అంది సంచి మనిషితో, "మంది బిడ్డలను అమ్ముకుంటడా?"

ముసలివాళ్ళు తలలూపారు. అతను చేయి చాపాడు. ఈసారి పుస్తకం తీసుకున్నాడు. చివరి పేజీ తనే ఇంకోసారి చదువుకున్నాడు, అద్దాలు పైకి తోసుకుని. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

"ఆట పేజీలన్న ఇయ్యిన్రి" అన్నాడు బలరాం. ప్రాణం ఇంకా చేతికి రాలేదు, మనిషికి లిస్టు బెంగ!

"అన్నీ మా కాడనే ఉంటయి. యాదికి ఉన్నది రాసుకో. వానలు పడేలోపు ఈ దిక్కు నుంచి బదిలీ చేయించుకో సారూ. ఇంకోపాలి మాకు చదివే తీరిక ఉండది." బూట్లు తెప్పించి ఆయన ముందు పెట్టించాడు.

నా మొగుణ్ణి నా తమ్ముడి పరువు పెట్టి విడిపించుకున్నాను. దాన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

తిరుగుదారిలో సంతోష్ మా ముందు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఎత్తు ఎక్కేచోట ఒక మద్దిచెట్టు వెనక ఆగాడు. మేము చూడకూడదని ఆగాడు, ఊపిరి తీసుకోవడానికి. మేమిద్దరం కూడా ఇరవై అడుగుల వెనక ఆగి, ఆయన కాల్లో లేని ముల్లు తీసుకుంటున్నట్టు కూర్చున్నాం. వాడు కదిలాక లేచాం. ఆ దారిలో అట్లా నాలుగుసార్లు ఆగాం.

మర్నాడు క్యాంపువాళ్ళు పిలిచి బలరాంను పొద్దంతా కూర్చోబెట్టారు. పుస్తకం ఏదంటే, పోయిందన్నాడు. ఎక్కడ పోయిందంటే, అడవిలో పోయిందన్నాడు. రెండూ నిజాలే గనుక తడబడకుండా చెప్పగలిగాడు. సాయంత్రం వదిలిపెట్టారు. బండి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, రెండింటి గట్ల మీదా ఒక్కొక్క రోజు కూర్చుని వచ్చాడు మహానుభావుడు.

సంతోష్ వారం రోజులు మాతో మాట్లాడలేదు. కోపం చూపించినా బాగుండేది. తినే పళ్ళెం కడిగి బోర్లించేవాడు, చెప్పిన పని చేసేవాడు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. గోడ మీద బొగ్గు గీతలు పెరగలేదు. అమ్మ ఫోను చేస్తే నేనే ఏదో ఒకటి చెప్పి పెట్టేసేదాన్ని.

శుక్రవారం పొద్దున బలరాం ఒక ఠావు తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. కాళ్ళు ఇంకా పొక్కులే, నేల మీద చతికిలబడ్డాడు. "నేను చెప్త, నువ్వు రాయి" అన్నాడు. జోగయ్య, రాములు, గంగయ్య, ఇంకో ఇద్దరు. ఒక్కొక్కడికి నాలుగు వరసలు. దారులు లేవు, ఊళ్ళు లేవు. అయిదుగురు అయ్యాక ఆయన ఆగాడు. సంతోష్ గుమ్మంలో గడప మీద కూర్చుని, వీపు మావైపు పెట్టి ఉన్నాడు.

"ఇంకొక పేరు రాయి" అన్నాడు బలరాం. "సంతోష్ అని రాయి. కాలు మంచిదని రాయి. గంతే."

పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట అబద్ధానికి దగ్గరగా వచ్చిన మాట అదొక్కటే. నాకు రాయాలని ఉంది. దేవుడి ముందైనా చెబుతాను, రాయాలనే ఉంది. పెన్ను కాగితం మీద పెట్టాను కూడా.

సంతోష్ లేచి వచ్చి, నా చేతి కింద నుంచి కాగితం లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"బస్సు టైమైంది" అన్నాడు. వారంలో వాడు అన్న మొదటి మాట. "భద్రాచలంల డ్రైవర్‌కు ఇస్తే రేపటికి అందుతది."

 వాడు దాన్ని గోదాట్లో పారేసినా అడిగే మొహం మాకు లేదు. ఆ కాగితం తప్ప జోగయ్యకు, మిగతా నలుగురికి వేరే దారి లేదు. అయినా బలరాం ఆపలేదు. నేనూ ఆపలేదు. వాడు ఎర్రబస్సెక్కడం కొట్లోంచి చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి వాడు రాలేదు. శనివారం రాలేదు. ఖమ్మంలో జస్టిన్ సార్ ఇంటికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆదివారమంతా బలరాం ఎస్టీడీ బూతులో స్టూలు మీద కూర్చుని ఫోను వైపే చూశాడు. ఒకరిద్దరు ఫోను చేసుకోవడానికొస్తే, చెడిపోయిందని నేను తిప్పి పంపాను. ఆయన వింటూ కూడా ఏమీ అనలేదు.

సాయంత్రం అయిదుంటికి మోగింది.

"జోగయ్య నా జట్ల పడ్డడు బలరాం" రిసీవరు దాటి నాకూ వినబడేంతగా జస్టిన్ సార్ గొంతు బద్దలవుతోంది సంతోషంతో. "ముందు ముగ్గురికి వాని పేరే తెల్వది. రాములును గూడ తీసుకున్న. నీ కాయితం బంగారం."

"కాయితం ఎవరు తెచ్చిన్రు సార్?" అన్నాన్నేను, బలరాం చేతిలోంచి ఫోను లాక్కుని.

సార్ గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడే తెచ్చిండమ్మా. నిన్న పొద్దుగాల. లిస్టు నా చేతుల పెట్టి, సార్, ఇందుల నా పేరు లేదు, ఒక్కపాలి ఉరికి చూపిస్త, నువ్వే చూడు అన్నడు. వద్దన్న. ఇనలే. ఉరికిండు. పడిపోయిండు. దవాఖానల సూదిమందు ఏపిచ్చిన, రాత్రంత నేను ఆడనే ఉన్న. ఇప్పుడు మంచిగున్నడు, భయపడకున్రి. గిదో, మాట్లాడుతడట."

గరగర చప్పుడు. పిల్లికూత. తర్వాత వాడి గొంతు, అలసటగా, కానీ చాలా రోజుల తర్వాత మా సంతోష్ గొంతులాగే.

"అక్కా, బావ ఉన్నడా ఆడ? పదిహేను నిమిషాలు అని రాసిండు గదా. ఇరవై ఒకటి ఉరికిన. తప్పు రాసిండని జెప్పు."

ఫోను పెట్టేశాక బలరాంకు చెప్పాను.  ఆయన, అలవాటు పోక, గొంతు సవరించుకుని అడిగాడు.

"గడియారం ఎవరు పట్టిన్రు?"

"జస్టిన్ సారే."

"గట్లయితే నిజమే" అన్నాడు. "నాదే తప్పు." ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే స్టూలు మీద ముడుచుకుపోయి, నడిబజార్లో, అందరూ చూస్తుండగా, ఏడ్చాడు. నేను షట్టరు దించలేదు. ఏడవనిచ్చాను.